శ్రవణానికీ ధనిష్ఠకీ మధ్య

అమావాస్య నాడు ప్రయాణం పనికిరాదని విని పెరిగినదాన్ని నేను. మా కోనసీమలో పక్క ఊరు వెళ్ళాలన్నా సంచీ సర్దుకుని కూర్చుని, అమావాస్య వెళ్ళాకనే కదిలేవాళ్ళం. అలాంటిదాన్ని కువైట్ వచ్చాక ప్రతి అమావాస్యకీ ఎడారిలోకి వెళ్ళాల్సి వచ్చింది. అదీ చుక్కలకి ఫోటోలు తియ్యడానికి. తీసేది నేను కాదు, నేను పనిచేసే ఇంటావిడ. నేను కెమెరా స్టాండు మోసేదాన్ని, టీ పోసేదాన్ని, ఇసకలో చాప పరిచేదాన్ని.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. ఇదంతా నేను నోటితో చెబుతుంటే ఒకరు రాస్తున్నారు. గొంతు బాగా పాడైంది. ఇళ్ళల్లో తుడిచే మందుల ఘాటు వల్ల అంటారు, ఆ ఏసీ వల్ల అంటారు. అందుకని ఎక్కువ పొడిగించను.

మేమున్నది సాల్మియాలో, సముద్రం దగ్గర ఒక ఫ్లాటు. పని చేయించుకునే ఇంటావిణ్ని ఇక్కడ మామా అంటాం, ఆవిడ మనకంటే చిన్నదైనా సరే. మా మామా బడిలో లెక్కలు చెబుతుంది. పెళ్ళి చేసుకోలేదు. ముసలి తల్లితో ఉంటుంది. ఆ తల్లిని నేను పెద్దమామా అంటాను. పగలంతా వంటా, ఊడవడం, పెద్దమామాకి నీళ్ళు పొయ్యడం, కాళ్ళు పట్టడం. రాత్రి ఆవిడకి నిద్ర పట్టదు కాబట్టి నాకూ ఉండదు. పిలుస్తుంది, లేస్తాను, మంచినీళ్ళు ఇస్తాను, మళ్ళీ పడుకుంటాను, మళ్ళీ పిలుస్తుంది. కువైట్‌లో ఇన్నేళ్ళలో నాకు బాగా గుర్తున్నది ఏమిటంటే నిద్ర చాలకపోవడం ఒక్కటే.

మామా ఒక ఏడాది పెద్ద కెమెరా కొనుక్కుంది. చుక్కల ఫోటోలు తియ్యడం నేర్పుతూ జనాన్ని ఎడారికి తీసుకెళ్ళే ఆయన ఒకరున్నారని ఎక్కడో చూసి, ఆ గుంపులో చేరింది. పెద్దమామా వెళ్ళనివ్వనంది. రాత్రిపూట, మగవాళ్ళ మధ్య, ఎడారిలో ఏమిటని. చివరికి ఒక మాట మీదకి వచ్చారు. పనిమనిషిని వెంట తీసుకెళ్తే సరే. ఆ రాత్రికి పెద్దమామాని చూసుకోవడానికి ఆవిడ చెల్లెలు వస్తుంది. అలా నన్ను అడక్కుండానే నన్ను కూడా చేర్చేశారు.

చందమామ ఉంటే చుక్కలు కనబడవట. అందుకని అమావాస్యకి అటూ ఇటూగా వచ్చే సెలవు రాత్రి చూసుకుని వెళ్ళేవాళ్ళం. సాల్మీ రోడ్డులో ఒక పెట్రోలు బంకు దగ్గర అందరూ కలుసుకుంటారు. సులైబియా గోడౌన్ల దీపాలు వెనక్కి పోయేదాకా తారు రోడ్డు మీద వెళ్ళి, ఆ తరవాత పెద్ద బండ్లన్నీ వరసగా ఇసకలోకి దిగుతాయి. గుంపుని నడిపే ఆయన కువైటీ. నెరిసిన గడ్డం, మెత్తటి మనిషి. చమురు కంపెనీలో పనిచేసి మానేశాడట. షుఐబా వైపు ఆకాశం అడుగున ఎర్రగా కనబడే వెలుగుని చూసి, అది ఆ చమురు ఫ్యాక్టరీల మంటేనని చిరాకు పడేవాడు. ఇన్నాళ్ళు ఆ మంట దగ్గరే పనిచేశాను కదా, ఇంకా నన్ను వదలట్లేదు అనేవాడు.

ఆయనకి ఒకటే పట్టింపు. తెల్ల దీపం వెలిగించకూడదు. టార్చిలకి ఎర్ర కాగితం చుట్టాలి. ఫోన్లు సంచుల్లో పెట్టేయాలి. కెమెరా కన్ను తెరిచి ఊపిరి బిగబట్టి నిలబడతారు అందరూ. ఆ కాసేపట్లో ఎవరైనా లైటు వేస్తే అందరి ఫోటోలూ పాడైపోతాయి.

సామాను బండి నడిపేది రాయచోటి సాయిబు. నా వయసు వాడే. ఆ గుంపులో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. అతను నన్ను అక్కా అనేవాడు, నేను భాయ్ అనేదాన్ని. మొదటిసారి వెళ్ళినప్పుడే అతని చేతికి దొరికిపోయాను. అందరూ చీకట్లో కెమెరాల వెనక నిలబడి ఉంటే ఎవరో తెలియక కారు తలుపు తీశారు. లోపల దీపం వెలిగింది. గుంపంతా ఒక్కసారిగా గొణిగింది. నేను మాత్రం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. సాయంత్రం దీపం పెట్టగానే దణ్ణం పెట్టే అలవాటు కదా, చేతులు వాటంతట అవే లేచాయి.

"అందురూ తిడతా ఉంటే నువ్వు మొక్కబడితివేందిక్కా? కారులో యా దేవుడు దిగినాడు?" అన్నాడు.

దీపం వెలిగితే మా వైపు అంతేనని చెప్పాను. అప్పట్నించీ నన్ను చూసినప్పుడల్లా టార్చి తీసి, వెలిగించమంటావా అని అడిగేవాడు.

చుక్కలంటే నాకు ముచ్చట ఏమీ లేదు. పగలంతా నిలబడి, రాత్రి మళ్ళీ ఇసకలో నిలబడితే కాళ్ళు పీకుతాయి. ఎండాకాలం ముందు రోజుల్లో తెల్లవారుజామున చలి కొరికేది. పాలపుంత అని వాళ్ళందరూ మురిసిపోతుంటే, నేను ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని తూలేదాన్ని. గుంపు నడిపే ఆయన పచ్చటి లైటు ఒకటి ఆకాశంలోకి వేసి, ఇది ఫలానా, అది ఫలానా అని చెప్పేవాడు. అరబ్బీలో సగం నాకు అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. పేర్లు తగిలిన చోట మాత్రం నా మనసు ఒక పేరు కోసం చూసేది. ఆ పేరు ఆయన నోట వచ్చేది కాదు.

ధనిష్ఠ. నా ఇంటికి తాళం వేయించిన నక్షత్రం అది.

మా ఆయన కొబ్బరి దింపులు తీసేవాడు. ఛాతీ జబ్బు పట్టుకుని చెట్టెక్కడం మానేశాక ఇంటి దగ్గరే ఉన్నాడు. అది శ్రావణ మాసం, పున్నమి. ఊడ్పుల కాలం. నేను రోజంతా నీళ్ళలో వంగి నాటు వేసి వచ్చి, ఆయన మంచం పక్కన చాప మీద పడ్డాను. మెలకువ వచ్చేసరికి కోడి కూస్తోంది. లేచి ముట్టుకుంటే ఆయన లేడు.

మా వైపు మనిషి పోయేటట్టుంటే ఇంట్లోంచి తెచ్చి వాకిట్లో పడుకోబెడతారు. నక్షత్రం మంచిది కాకపోతే ఆ దోషం ఇంటికి తగలకుండా. మా ఆయన్ని అలా బయటికి తేవడానికి పోతున్నట్టు ఎవరికి తెలుసు? పడుకున్నాడనే అనుకున్నాం. పెద్దవాళ్ళు వచ్చి ఎప్పుడు పోయాడని అడిగారు. కోడి కూతప్పుడు అన్నాను. పంతులుగారు పంచాంగం తీసి చూశారు. ఆ వేళకి ధనిష్ఠ వచ్చేసిందమ్మా అన్నారు. కాస్త ముందయితే శ్రవణంలో పోయేవాడు, ఏ దోషమూ ఉండేది కాదు, ధనిష్ఠ గనక ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి అన్నారు.

మూసేశాం. గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప కట్టారు. నేనూ మా అమ్మాయీ మా అన్నయ్య ఇంటి వరండాలో ఉన్నాం. వరండా ఎన్నాళ్ళని ఇస్తారు ఎవరైనా. ఆరు నెలలు తిరక్కుండానే నేను కువైట్ వచ్చేశాను, అమ్మాయి హాస్టలుకి వెళ్ళింది. ఆరు నెలలయ్యాక శాంతి చేయించి తలుపు తియ్యాలి. చేయించేదెవరు? అలా ఏళ్ళు గడిచాయి. ఆ ముళ్ళకంప ఎండి రాలిపోతే మా మరిది కొత్తది తెచ్చి కట్టాడని విన్నాను. సెలవుకి వెళ్ళినప్పుడు కూడా అన్నయ్య వరండాలోనే పడుకుని, ఇంటి ముందు నుంచి కాకుండా వెనక గట్టు మీద నుంచి వెళ్ళేదాన్ని.

అమ్మాయికి పెళ్ళయింది. అల్లుడు రాజమండ్రిలో కరెంటు పని చేస్తాడు. మంచివాడే. ఎండలు మండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మాయి ఫోను చేసి నెల తప్పిందని చెప్పింది. నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. చేతులు తుడుచుకోకుండానే ఫోను పట్టుకున్నాను. సంతోషపడి ముగించేలోపే రెండో మాట చెప్పింది.

"అమ్మా, పురిటికి మనింటికే వస్తానే. మావయ్య వాళ్ళింట్లో వద్దు. అత్త ఏమీ అనదు గానీ, వరండాలో ఉంటే ఎలా ఉంటాదో నాకు తెలుసు కదా."

మొదటి పురుడు పుట్టింట్లో కావాలి. దాని పుట్టిల్లు ఆ మూసిన ఇల్లే. మా వదిన కూడా ఇంకొకళ్ళ పురుడు తమ ఇంట్లో పోస్తే కలిసిరాదని చల్లగా చెప్పేసింది. అమ్మాయి అత్తగారు ఆ ఇంటికైతే పంపనంటోంది. రాజమండ్రిలో వాళ్ళది ఒక్క గది, అందులో నలుగురు. ఆస్పత్రిలో కాన్పు అయిన మూడో నాడు పసిగుడ్డుని ఎత్తుకుని ఎక్కడికి వెళ్తుంది అది?

ఆలోచిస్తానే అన్నాను. ఆలోచించడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. పెద్దమామా పిలిచినప్పుడల్లా లేచి, మళ్ళీ పడుకున్నాక అదే వచ్చి కూర్చునేది. ఆ ఇల్లు తెరిచి, ఆ గదిలో పసిదాన్ని పడుకోబెట్టి, దానికేమన్నా అయితే? ఊరు ఊరంతా ఇంటి దోషమంటుంది. ఊరిదాకా ఎందుకు, ముందు నేనే అంటాను. తెరవకపోతే, దానికి తల్లి ఉండీ పుట్టిల్లు లేకుండా చేసినదాన్నవుతాను.

ఆ నక్షత్రాన్ని ఒక్కసారి చూడాలనిపించింది అప్పుడే. ఎందుకో చెప్పలేను. మనిషి మీద కోపమైతే వాకిట్లోకి వెళ్ళి నాలుగు మాటలు అడుగుతాం కదా. అలాంటిదేనేమో.

వేసవిలో గుంపు పెద్దగా వెళ్ళదు. ఆ వేడికి రాత్రి కూడా ఇసక కాలుతుంది. ఎండలు కాస్త తగ్గాక మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మొదటి రాత్రే సాయిబుని పక్కకి పిలిచి, ధనిష్ఠ అనే చుక్క ఎక్కడుందో ఆయన్ని అడిగి పెట్టమన్నాను. సాయిబు వెళ్ళి అడిగాడు. ఆయన ఆ పేరు ఎప్పుడూ వినలేదన్నాడు.

సాయిబు వదిలిపెట్టలేదు. బండి వెనక్కి వెళ్ళి, తువ్వాలు కప్పుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని ధనిష్ఠ, ధనిష్ఠ అని గట్టిగా చెప్పాడు. మొదట అది ఏదో పెళ్ళి సంబంధాల వీడియో చూపించింది. ఇంకోసారి చెబితే ధనిష్ఠలో పుట్టినవాళ్ళ జాతకం చెప్పసాగింది. ఫోను కూడా నన్నే తిప్పుతోందక్కా అన్నాడు. చివరికి ఇంగ్లీషు పేరు వచ్చింది. అది తీసుకెళ్ళి ఆయనకి చూపిస్తే, అయ్యో ఇదా అన్నాడట. సముద్రంలో ఎగిరే పెద్ద చేప ఉంటుంది చూడు, ఆ చేప పేరు పెట్టారట దానికి. ఆయన తాతలు ఎడారివాళ్ళు. వాళ్ళు చేపని చూసి ఎరగరు కాబట్టి సవారీ ఒంటె అనేవారట.

చూపిస్తానని పైకి చూసేసరికి ఆకాశం లేదు. తోజ్ లేచింది. ఇక్కడ దుమ్ముగాలిని అలా అంటారు. సన్నటి పిండి చల్లినట్టు మొదలై, చూస్తుండగానే ఎదుటి మనిషి కనబడకుండా పోయాడు. యల్లా, యల్లా అని కెమెరాలు సంచుల్లో పెట్టి అందరూ బండ్లెక్కారు. ఇంటికి వచ్చేసరికి నా చెవుల్లో, జుట్టులో, పళ్ళ మధ్య ఇసకే. స్నానం చేసి పడుకుందామనుకుంటే పెద్దమామా పిలిచింది.

తరవాతి నెలకి అమ్మాయికి ఏడో నెల దగ్గర పడుతోంది. దాని అత్తగారు తేల్చి చెప్పమంటోందట. మామా నాకు సెలవు ముందే ఇచ్చేసింది. ఏ ఇంటికి వెళ్ళాలో తెలియని సెలవు అది. ఆ నెల అమావాస్యకి వెళ్ళినప్పుడు ఇంక వాయిదా వెయ్యడానికి లేదని తెలుసు. చూసి వచ్చి, ఏదో ఒకటి చెప్పాలి.

ఆ రోజు గాలి లేదు. రాత్రి చేసే ఇషా నమాజు చేసుకుని సాయిబు చాప దులుపుతుండగానే ఆకాశం నిండా చుక్కలు పడ్డాయి. మామా కెమెరా బిగించుకుంటోంది. గుంపు నడిపే ఆయన నన్ను గుర్తుపెట్టుకున్నాడు. తనే పిలిచి, పచ్చలైటు నెత్తి మీదకి వేశాడు. ఒక చోట చిన్నగా చుట్టి, అక్కడ, నాలుగు చుక్కలు, కిందకి ఒక తోక అన్నాడు.

నాకేమీ కనబడలేదు. కళ్ళు ఆనలేదు. ఎన్నాళ్ళ నుంచో సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతున్నాను. ఆయన లైటు తీసేశాక ఆ చోట వట్టి నలుపే ఉంది. మెడ వెనక్కి విరిచి చూసీ చూసీ కళ్ళనీళ్ళు వచ్చాయి. పోనీలే అని కూర్చోబోయాను. ఆయన అరబ్బీలో ఏదో చెప్పాడు. సాయిబు దాన్ని తన భాషలో పెట్టాడు.

"సూటిగా సూడొద్దంటక్కా. పక్కన ఉండే సీకటిని సూడల్లంట. అప్పుడు అదే అగపడతాదంట."

సన్నటి చుక్కలకి అంతేనట. కంటికి ఎదురుగా పెట్టుకుంటే పోతాయి, కంటి పక్కన పెట్టుకుంటే వస్తాయి. ఆయన చెప్పినట్టే పక్కకి చూశాను. వచ్చాయి. నాలుగు చిన్న చుక్కలు, దగ్గరదగ్గరగా, కుదించిన ముగ్గులా. ఉన్నాయో లేదో అన్నంత సన్నం. నిజమేనా అని తిన్నగా చూస్తే మళ్ళీ లేవు.

ఇంతేనా, అనిపించింది. పెద్దగా, ఎర్రగా, కోపంగా ఉంటుందనుకున్నాను అన్నేళ్ళూ.

అప్పుడు ఇంకో మాట అడగాలని తోచింది. శ్రవణం ఎక్కడుందని అడగమన్నాను సాయిబుని. మళ్ళీ తువ్వాలు, మళ్ళీ ఫోను. ఈసారి వెంటనే దొరికింది. ఆయన నవ్వి, పచ్చలైటుని ఆ చోటు నుంచి కొంచెం కిందకి, పక్కకి జరిపాడు. అంతే. మధ్యలో పెద్ద చుక్క, అటొకటి ఇటొకటి చిన్నవి. ఎగిరే గద్ద అంటారట వాళ్ళు. అది నాకు ఏ సాయమూ లేకుండా కనబడింది.

చెయ్యి చాచి కొలిచాను. శ్రవణానికీ ధనిష్ఠకీ మధ్య జానెడు కూడా లేదు.

మామా అప్పటికి ఫోటో తీసి నన్ను పిలిచింది. కెమెరా వెనకున్న అద్దంలో చూపించింది. అందులో ఉప్పు ఒలికినట్టు అన్నీ చుక్కలే. కంటికి కనబడనివన్నీ వచ్చేశాయి. మామా పెద్దది చేసి, జరిపి, మళ్ళీ పెద్దది చేసి వెతికింది గానీ, నా నాలుగు చుక్కలూ వాటిల్లో ఎక్కడున్నాయో ఇద్దరికీ దొరకలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో అడిగింది. ఎందుకు అంతగా అడిగావు ఆ చుక్క గురించి అని. నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. మా ఆయన పోవడం, ఇల్లు మూయడం, అమ్మాయి పురుడు. మామా రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా అంతా విన్నది. నవ్వలేదు. లెక్కలు చెప్పే మనిషి కదా, ఆలోచించి ఒక్క మాటే అడిగింది.

"నువ్వు నిద్రపోతున్నావు కదా. మరి వేళ ఎలా చెప్పావు?"

"అడిగారు మామా. చెప్పాను."

సులైబియా దీపాలు వచ్చాయి, చుక్కలు పోయాయి. కిటికీకి తల ఆనించుకుని కూర్చున్నాను. ఆ రోజు వాళ్ళకి ఒక వేళ కావాలి. నేను లేచిన వేళ చెప్పాను. ఆయన పోయిన వేళ ఎవరికి తెలుసు? నడుం విరిగేలా నాట్లు వేసి వచ్చి ఒళ్ళెరగకుండా పడుకున్నాను. పడుకోగానే పోయాడో, అర్ధరాత్రి పోయాడో, కోడి కూస్తుంటే పోయాడో. ఆ జానెడులో ఎక్కడ పోయాడో పంచాంగానికి తెలియదు, నాకు తెలియదు. నేను చెప్పిన ఒక్క మాట మీద ఏళ్ళుగా తాళం వేలాడుతోంది.

మర్నాడు పెద్దమామాకి గంజి తాగించాక అమ్మాయికి ఫోను చేశాను.

"మనింటికే రా. నేను ముందొచ్చి తెరిపిస్తాను."

"మరి మా అత్తగారికి ఏం చెప్పనే?"

"మీ నాన్న శ్రవణంలో పోయాడని చెప్పు."

"నీకెలా తెలుసమ్మా?"

"తెలీదు. ధనిష్ఠ అన్నది మాత్రం నాకు తెలిసి చెప్పానా? అదీ తెలీదు. ఏదీ తెలియనప్పుడు మనకి అక్కరకొచ్చేది చెప్పుకుందాం. ఆవిడ ఒప్పుకోపోతే నాకు ఫోను ఇవ్వు."

ఇవ్వలేదు. ఆవిడ ఏమందో, ఇది ఏం చెప్పి ఒప్పించిందో నేను అడగలేదు. పంతులుగారికి మాత్రం నేనే చేశాను. ఆయన ఇప్పుడు బాగా పెద్దవారైపోయారు. ఏ నక్షత్రమైనా గడువు ఎప్పుడో దాటిపోయిందమ్మా, వచ్చి శాంతి చేయించుకో, తలుపు తీసుకో అన్నారు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదని కూడా అన్నారు.

సెలవుకి వెళ్ళి ముళ్ళకంప నేనే లాగాను. మా మరిది దూరంగా నిలబడి, చేతులు గీరుకుంటాయి వదినా అన్నాడు గానీ దగ్గరికి రాలేదు. తాళం తుప్పు పట్టి రాకపోతే కొట్టించాను. లోపల చెద, గబ్బిలాల కంపు. ఆయన మంచం ఒక కోడు విరిగి పక్కకి ఒరిగి ఉంది. చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి వేసుకునే తాడు మేకుకి వేలాడుతూనే ఉంది. ముట్టుకుంటే పొడైపోయింది. ఊడ్చి, కడిగి, సున్నం వేయించి, శాంతి చేయించి ఆ రాత్రి ఆ గదిలోనే చాప వేసుకున్నాను. భయపడుతూ తెల్లార్లూ కూర్చుంటాననుకున్నాను. పక్క మీద వాలడమే గుర్తు. లేచేసరికి ఎండ కిటికీలోంచి కాళ్ళ మీద పడుతోంది. పిలిచేవాళ్ళు లేకపోతే మనిషి అంతసేపు నిద్రపోగలడని మరిచిపోయాను.

మనవరాలు అమలాపురం ఆస్పత్రిలో పుట్టింది. మూడో నాడు ఆ ఇంటికే తెచ్చాం. ఒకసారి దానికి జ్వరం వచ్చింది. అది పడుకున్న గది దూలం వైపు చూస్తూ ఏవేవో అనుకున్నాను. మందు పడ్డాక తగ్గింది. నా భయం అంతా పోయిందని చెప్పను. గుమ్మం దాటినప్పుడు ఇప్పటికీ ఒక్క అడుగు ఆగి లోపలికి వెళ్తాను. అమ్మాయి ఆగదు. పిల్లని చంకనేసుకుని చరచరా తిరుగుతుంది. ఇల్లు దానిదే అన్నట్టు.

సెలవు అయిపోయి మళ్ళీ ఇక్కడికే వచ్చాను. ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, గడువు ఇంకా ఉంది. పెద్దమామా ఇంకా బాగా ముసలిదైంది, ఇంకా ఎక్కువసార్లు పిలుస్తుంది. మామా కొత్త లెన్సు కొనుక్కుంది. అమావాస్యలు వస్తూనే ఉన్నాయి, మేం వెళ్తూనే ఉన్నాం.

మొన్న వెళ్ళినప్పుడు టీ పోసేసి, స్టాండు నిలబెట్టి, మామాతో చెప్పి సామాను బండిలో వెనక సీటు మీద పడుకున్నాను. గుంపు బయట చీకట్లో ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. కాసేపటికి ఎవరో అద్దం మీద కొట్టారు. సాయిబు.

"అక్కా, మీ చుక్క వొచ్చింది. నిన్ను అడుగుతాండాది."

"పడుకున్నానని చెప్పు భాయ్" అని, కొంగు మొహం మీదకి లాక్కున్నాను.